ఇంటరంటే ఇంటరే

తమ్ముడు వచ్చి అరుగు మీద కూర్చుని చాలాసేపయింది. అక్క చిన్నమ్మాయి ఇంకా మంచినీళ్ళు ఇవ్వలేదు.

ఆ ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు. సత్యప్రసాద్ మోటారు సైకిలు చప్పుడు వీధి మలుపులో వినబడితే చాలు, ఆవిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసేది. వాడు కాళ్ళు కడుక్కుంటూ ఉండగానే "ఏరా, అలా చిక్కిపోయావేం" అని మొదలుపెట్టేది. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు మరి. కాలేజీలో లెక్చరరయ్యాడని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిన తమ్ముడు.

ఇవాళ గుమ్మానికి చేరగిలబడి, చేతులు కట్టుకుని నిలబడింది.

"హేమ ఏదక్కా?" అన్నాడు సత్యప్రసాద్.

"డాబా మీద గదిలో ఉంది. నిన్న రాజమండ్రి నుంచి వచ్చింది మొదలు అక్కడే. మెతుకు ముట్టలేదు. వెళ్ళి చూస్తావా? ఏ మొహం పెట్టుకుని చూస్తావు?"

సత్యప్రసాద్ తల దించుకున్నాడు.

"మాట్లాడవేంరా? క్లాసులో గంట కొట్టినా ఆపకుండా చెప్తావటగా పాఠం! ఇవాళేమైంది నోటికి?"

పశువుల పాకలో ఆవిడ మొగుడు బుల్లిరాజు పలుపుతాడు పేనుకుంటున్నాడు. మామూలుగా అయితే ఆయన గొంతు ఈపాటికి వీధి చివర వినబడాలి. కూతుర్ని ఎవరైనా పల్లెత్తు మాటంటే కర్ర తీసుకునే మనిషి. ఇవాళ మాత్రం తాడు మీదినుంచి తలెత్తలేదు. బావమరిది సంగతి గదా, నా మొహం చూసి ఊరుకుంటున్నాడు పాపం అనుకుంది చిన్నమ్మాయి.

నిన్న డిగ్రీ కాలేజీ కిటికీ దగ్గర జరిగింది తలుచుకుంటే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండిపోతోంది. తల్లీకూతుళ్ళు తెల్లారగట్ల బస్సుకే వెళ్ళారు. బీఎస్సీ సీటు చేతిలో పడ్డట్టేనని హేమశ్రీ దారి పొడుగునా కబుర్లే కబుర్లు. కాలేజీ వాళ్ళు ఒకసారి మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళి చూపించారు. ఆ రోజునుంచీ దానికి అదే పిచ్చి. బీఎస్సీ చదవాలి, తర్వాత వాల్తేరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవాలి, ఆ మార్టేరులోనే కూర్చుని గాలివానకి పడిపోని వరి వంగడం ఒకటి తయారుచెయ్యాలి. "దానికి నీ పేరే పెడతానే అమ్మా" అంది బస్సులో. చిన్నమ్మాయి నవ్వుకుంది.

తీరా వెళ్తే, కిటికీ వెనక గుమాస్తా వచ్చినవాళ్ళందరినీ ముందు ఒకటే మాట అడుగుతున్నాడు.

"ఏ ఇంటరు?"

ఇంటర్లో మళ్ళీ ఏ ఇంటరేంటి అనుకుంది చిన్నమ్మాయి. కానీ జవాబులు మాత్రం రకరకాలుగా వస్తున్నాయి. ముందున్న పిల్ల "జనరలండి, బైపీసీ" అంది. దాని కాగితాలు వెంటనే తీసుకున్నారు. కాకినాడ కుర్రాడొకడు "సెంట్రల్ సిలబస్" అన్నాడు దర్జాగా. వాడికి వచ్చినవి అంతంత మాత్రం మార్కులే. అయినా "మన ఇంటరుకి సమానమని బోర్డు నుంచి కాగితం తెచ్చివ్వు" అని చెప్పి వాడివీ తీసుకున్నారు. మీసాలున్న పెద్దమనిషొకాయన, ఎక్కడో ఉద్యోగం చేస్తున్నవాడిలా ఉన్నాడు, "ఓపెన్ స్కూలండి" అన్నాడు సిగ్గుపడుతూ. ఆయనకీ అదే మాట చెప్పారు.

హేమశ్రీ వంతు వచ్చింది.

"ఒకేషనలండి. క్రాప్ ప్రొడక్షన్."

గుమాస్తా మార్కులు చూసి కళ్ళెగరేశాడు. "అబ్బో, ఎనిమిది వందల తొంభై దాటాయే! బాగా చదివావమ్మా." కాగితం వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు. "బ్రిడ్జి కోర్సు మార్కులేవి?"

తల్లికి అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు. ఒకేషనల్ చదివినవాళ్ళు బీఎస్సీకి రావాలంటే ఫిజిక్సు, కెమిస్ట్రీ, బోటనీ లాంటివి విడిగా చదివి పరీక్ష రాయాలట. అవి రాస్తే ఈ ఇంటరూ ఆ ఇంటరూ ఒకటే. రాయకపోతే బీఏ ఉంది, బీకాం ఉంది, బీఎస్సీ మాత్రం లేదు.

"మా మావయ్యే మా లెక్చరరండి. నాకు అక్కర్లేదన్నారండి" అంది హేమశ్రీ.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా నవ్వలేదు. కాగితాలు జాగ్రత్తగా మడిచి కిటికీలోంచి వెనక్కి ఇచ్చాడు. ఆయన కసురుకుని ఉంటే బాగుండును, తిట్టుకోవడానికైనా ఉండేది అనుకుంది చిన్నమ్మాయి.

ఇప్పుడు ఆ తిట్లన్నీ తమ్ముడి కోసం దాచిపెట్టినట్టయింది.

"రెండేళ్ళ కిందట ఇదే అరుగు మీద కూచుని ఏమన్నావు? ఇంటరంటే ఇంటరే అక్కా, ఒకేషనలైతే ఏంటి, మామూలుదైతే ఏంటి అన్నావా, లేదా?"

"అన్నాను."

"పిల్లలు చాలకపోతే మా సెక్షను ఎత్తేస్తారు, నా ఉద్యోగం పోతుంది అన్నావా, లేదా?"

"అన్నానక్కా."

జూన్ వచ్చిందంటే కాంట్రాక్టు లెక్చరర్ల అవస్థ చెప్పనక్కర్లేదు. పది పాసైన పిల్ల ఏ ఇంట్లో ఉందో వాకబు చేసుకుని, ఓట్లడిగేవాళ్ళలాగా గడప గడపా తిరగాలి. ఆ ఏడు బుల్లిరాజే బావమరిదిని వెంటబెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. తెలిసిన రైతులందరి చేతా పిల్లల్ని చేర్పించి సెక్షను నిలబెట్టాడు. అందులో మొదటి పేరు సొంత కూతురిదే. "ఇంట్లో చేసే వ్యవసాయాన్నే కాలేజీకి పోయి నేర్చుకోవాలా? మా అత్తగారు ఫీజు పుచ్చుకోకుండా నేర్పింది నాకు" అని చిన్నమ్మాయి వేళాకోళం చేసింది కూడా. తమ్ముడి ఉద్యోగం గదా, నవ్వుతూనే సరేనంది.

"నీ ఉద్యోగం నిలబడింది. నా కూతురు చదువు కూలబడింది. ఇంట్లో మేనమామ ఉన్నాడు గదా, అన్నీ వాడే చూసుకుంటాడు గదా అని మేమెవర్నీ అడగలేదురా. పరాయివాణ్ణయితే అడిగుండేవాళ్ళం."

ఆ మాటకి సత్యప్రసాద్ కళ్ళు చెమర్చాయి. 

పాకలోంచి బుల్లిరాజు గొంతు వచ్చింది. "పోనీలేవే. అయిందేదో అయింది. బీఏలో చేరమను. డిగ్రీ డిగ్రీయే గదా."

చిన్నమ్మాయి గిరుక్కున తిరిగింది.

"బస్తా బస్తాయే అని మీరు మిల్లుకి తోలితే మిల్లరు ఊరుకుంటాడా? స్వర్ణ ధాన్యమా, పది పది ధాన్యమా అని రకం అడక్కుండా ఎప్పుడైనా రేటు కట్టాడా? బీఏ చదివితే మార్టేరు గేటు మీద బోర్డు చదువుకుని వెనక్కి రావాలి మన పిల్ల!"

బుల్లిరాజు మళ్ళీ తాడు అందుకున్నాడు.

గేటు దగ్గర సైకిలు ఆగింది. కాలవ అవతలి పేట నుంచి రూతు వచ్చింది. హేమశ్రీ క్లాసే, అదే సెక్షను. క్యారేజీకి కట్టిన పుస్తకాల కట్ట విప్పుకుని గేటు బయటే నిలబడిపోయింది.

"హేమ ఉందాండీ? ఈ పుస్తకాలు దానికిద్దామని తెచ్చానండి. బ్రిడ్జి కోర్సువండి. నాకింక అక్కర్లేదు గదండీ."

"లోపలికి రా అమ్మా, అక్కడే నిలబడ్డావేం" అంది చిన్నమ్మాయి. "అయితే నీకు సీటొచ్చిందన్నమాట."

"వచ్చిందండి. బీఎస్సీయేనండి." చెప్పడానికే మొహమాటపడింది రూతు. మార్కుల్లో హేమ కంటే తను చాలా కింద ఉందని ఆ పిల్లకి తెలుసు.

"బ్రిడ్జి రాయాలని నీకెవరు చెప్పారమ్మా?"

రూతు అరుగు మీద ఉన్న సత్యప్రసాద్ వంక ఆశ్చర్యంగా చూసింది.

"సారేనండి! ఆడపిల్లకి అన్ని పరీక్షలెందుకని మా నాన్న వద్దన్నాడండి. సారు మా ఇంటికొచ్చి, నాన్న పనిలోంచి వచ్చేదాకా గుమ్మంలో కూచుని మరీ ఒప్పించారండి. హేమ కూడా మొదట్లో క్లాసుకొచ్చేదండి. తర్వాత, తక్కువ మార్కులొచ్చేవాళ్ళకే ఇది, నీకక్కర్లేదని సారు చెప్పారంట, మానేసింది. మావయ్యగారు గదా, ఆయనకి తెలీదేంటి అనుకున్నానండి నేనూ."

అన్నాక గాని ఆ పిల్లకి తను ఏం చెప్పిందో తెలియలేదు. పుస్తకాలు గుండెకి హత్తుకుని నిలబడిపోయింది.

"పైన గదిలో ఉంది. వెళ్ళమ్మా, నువ్వైనా పలకరించు" అంది చిన్నమ్మాయి మెల్లగా.

రూతు డాబా మెట్లెక్కి వెళ్ళింది. అరుగు మీద అక్కా తమ్ముళ్ళిద్దరే మిగిలారు. ఇందాకటి కోపం పోయి చిన్నమ్మాయికి ఇప్పుడు భయం పట్టుకుంది. తెలియక చేశాడనుకున్న తమ్ముడు తెలిసే చేశాడు. పేటలో పిల్ల కోసం పరాయి గుమ్మంలో పడిగాపులు పడ్డవాడు సొంత మేనకోడలికి అబద్ధం చెప్పాడు.

"ఎందుకురా?" అంది. గొంతు తగ్గిపోయింది.

సత్యప్రసాద్ పాక వైపు చూశాడు. పాకలో తాడు పేనడం ఆగిపోయింది.

"అటేం చూస్తావు? నన్ను చూసి చెప్పు."

"నేను చెప్పలేనక్కా. నన్ను తిట్టు. ఎంత తిట్టినా పడతాను."

"నా మీద ఒట్టు, చెప్పు!"

"ఒట్లెందుకే?" బుల్లిరాజు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "వాణ్ణెందుకు చంపుతావు? నేనే వద్దన్నాను."

చిన్నమ్మాయి మొగుడి మొహంలోకి చూసింది.

"వాడు బ్రిడ్జికి దాని పేరు రాసే పెట్టాడు. నేనే కాలేజీకెళ్ళి, మా అమ్మాయి రాయదని ప్రిన్సిపాలుతో చెప్పి ఆ పేరు కొట్టేయించేను. పిల్లకి నచ్చజెప్పమని వీడికి చెప్పేను."

"ఎందుకండీ?"

 బుల్లిరాజు వీధి వైపు ఒకసారి, పెరటి వైపు ఒకసారి చూసుకున్నాడు. కొడుకు గణేష్‌బాబు పొద్దున్న ఆకుమళ్ళకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. ఇంకా రాలేదనే ధైర్యంతో గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"గణేష్ గాడు ఆ ఏడే గదే రెండోసారి తప్పేడు. అందరూ చదివే మామూలు ఇంటరే, ఎంపీసీ. భీమవరంలో హాస్టల్లో పెట్టి చదివించేం. ఏం లాభం? అన్నం మానేసి చేలో గట్టు మీద పడుక్కునేవాడు, మర్చిపోయేవా? అన్న ఎరువు బస్తాలు మోస్తా ఉంటే చెల్లెలు వాల్తేరు యూనివర్సిటీకి వెళ్తుందా? ఊళ్ళోవాళ్ళు వాణ్ణి తలెత్తుకు తిరగనిస్తారా? వాడు గట్టెక్కేదాకా ఇది ఆగితే ఏం పోయింది, ఆడపిల్ల, ఒక ఏడు అటూ ఇటూ అయితే కొంప మునగదు అనుకున్నాను."

"దానికి ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే ఊరుకుంటుందా అది?"

"ఊరుకోదని తెలిసే దొంగచాటుగా చేశారన్నమాట!"

బుల్లిరాజు అరుగు చివర కూలబడ్డాడు. చెడ్డవాడేం కాదు. కొడుకు దుఃఖం కళ్ళెదురుగా కనబడింది, కూతురి దుఃఖం ఇంకా రాలేదు గదా అని దాన్ని ఖాతరు చెయ్యలేదు. అంతే ఆయన చేసిన పని. చిన్నమ్మాయికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది, అయినా క్షమించబుద్ధి కాలేదు.

తమ్ముడి వైపు తిరిగింది. "రూతు నాన్నని ఒప్పించావే! మీ బావ దగ్గర నోరు పెగల్లేదా?"

"బావ ఎండలో తిరగబట్టి నా సెక్షను నిలబడిందక్కా. ఆ మనిషి నోరు తెరిచి అడిగిందదొక్కటే. కాదనలేకపోయాను." సత్యప్రసాద్ మొహం తుడుచుకున్నాడు. "హేమ స్టాఫ్ రూముకొచ్చి, నిజంగా అక్కర్లేదా మావయ్యా అని అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. నా మాట మీద నమ్మకంతో నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఇంక నేను చెప్పుకునేదేం లేదు."



"ఇప్పుడింక దారి లేదా?" అంది చిన్నమ్మాయి.

"ఉంది. ఉందని చెప్పడానికే వచ్చాను. వచ్చే మార్చిలో బ్రిడ్జి పేపర్లు మటుకు రాసుకోవచ్చు. మా కాలేజీ ల్యాబుకి రానిస్తామన్నారు. ఒక ఏడు పోతుంది, కానీ ఆపైన జనరల్ ఇంటరు వాళ్ళతో సమానంగా బీఎస్సీలోకి వెళ్ళొచ్చు. పాలిటెక్నిక్కయితే మళ్ళీ పదో తరగతి మీదనుంచి మొదలుపెట్టాలి, బీఏ అయితే అది కోరుకున్నది కాదు. ఇదొక్కటే దారి. కాకపోతే..." బావ వైపు చూశాడు. "పోయినేడు వచ్చి పేరు కొట్టించిన తండ్రే వచ్చి రాయించాలన్నారు ప్రిన్సిపాలు గారు. మళ్ళీ మీరూ మీరూ మాట మార్చుకుంటే నాకు కుదరదన్నారు. రేపటితో ఆఖరు బావా."

ఇద్దరూ బుల్లిరాజు వైపు చూశారు.

"మార్చిలోనే గదా గణేష్ గాడూ లెక్కలు రాసేది" అన్నాడు బుల్లిరాజు నేల చూపులు చూస్తూ. "ఇద్దరూ ఒకేసారి రాస్తే, ఇది పాసై వాడు మళ్ళీ తప్పితే? అప్పుడేం చెయ్యమంటావు నన్ను?"

"ఏం చెయ్యక్కర్లేదు నాన్నా. నేను రాయను."

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. పెరటి గుమ్మంలో గణేష్‌బాబు నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. మొహం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

"పోయినేడు నాకు ఫిజిక్సు ఎవరు చెప్పారనుకున్నారు? అదే. నా పుస్తకం అది ముందు చదువుకుని, అర్థమయ్యేదాకా నాకు చెప్పేది. ఆ పేపరు పాసయ్యానంటే దానివల్లే. దాని కాళ్ళు విరగ్గొట్టి నన్ను నిలబెడదామనుకున్నారా?"

"ఒరే, నీకోసమే గదరా..."

"అదే వద్దంటున్నాను! నిన్న అది ఏడుస్తా వచ్చినప్పటినుంచీ మావయ్యని తిట్టుకుంటా తిరుగుతున్నాను. అడ్డం నేనన్నమాట."  గణేష్‌బాబు లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. కాళ్ళకి బురద అలాగే ఉంది. "తణుకులో రైస్ మిల్లులో పనికి రమ్మన్నారు. పోతున్నాను. ఇంక ఈ జన్మకి పరీక్ష రాసేది లేదు, తప్పేది లేదు. మీకు నా బెంగ తీరిపోయింది. దాన్ని చదువుకోనివ్వండి."

"ఒక్క పేపరురా! ఒక్క లెక్కలు మిగిలింది! అది వదిలేసి మూటలెంచుకుంటావా?" బుల్లిరాజు లేచాడు. కొడుకు గేటు దాటి వెళ్ళిపోయాడు. కాలవ గట్టున బస్సు ఆగే చోటికి పెద్ద పెద్ద అంగలేస్తూ నడుస్తున్నాడు.

డాబా మెట్ల మీద అలికిడి అయింది. హేమశ్రీ దిగి వస్తోంది, వెనకాల రూతు. హేమ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిలో రూతు తెచ్చిన పుస్తకాలున్నాయి. అన్నీ విన్నదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మావయ్య వైపు చూడలేదు. తిన్నగా తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"నాన్నా, నన్ను మార్చిలో రాయనిస్తారా?"

బుల్లిరాజు ఆ పిల్ల వైపు తిరగలేదు. చూపంతా గట్టు మీదే ఉంది.

"ఏమే, పిలవ్వే వాణ్ణి! నేను పిలిస్తే ఆగడు. నువ్వు పిలిస్తే ఆగుతాడు."

నిజమే. చిన్నప్పటినుంచీ వాడు ఎంత అలిగి పోతున్నా తల్లి ఒక్క కేక వేస్తే అక్కడికక్కడ ఆగిపోయేవాడు. చిన్నమ్మాయి గేటు దాకా వెళ్ళింది. దూరంగా బస్సు హారను వినబడుతోంది. పిలుపు గొంతు దాకా వచ్చింది. కన్నపేగు అది, ఎలా ఆగుతుంది? గేటు కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"పిల్ల ఏదో అడిగింది, మీకు వినబడిందా?" అంది వెనక్కి తిరక్కుండా.

"ముందు వాణ్ణి ఆపవే! తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత లేదండి. రెండేళ్ళనుంచి దాని సంగతి తర్వాతే. ముందు దానికి జవాబు చెప్పండి, అప్పుడు వాణ్ణి పిలుస్తాను."

"పిచ్చెక్కిందా నీకు? బస్సొచ్చేస్తోంది!"

"వస్తోంది. నాకూ కనబడుతోంది."

 సత్యప్రసాద్ ఒక అడుగు ముందుకేసి మళ్ళీ ఆగిపోయాడు. కాలవ మలుపులో ఎర్ర బస్సు తిరిగింది. గట్టు మీద గణేష్‌బాబు చెయ్యి ఎత్తాడు.

బుల్లిరాజు మొదటిసారి కూతురి మొహంలోకి చూశాడు.